మెరిసిన దారం

"యుద్ధం నాటి దారం ఈ దీపానికి ఇలా మెరవదమ్మా. నా చెవిలో పువ్వు పెట్టకండి!"

ఒహాయోలో పాత సైనిక సామాన్ల సంత. కొనడానికొచ్చిన డెల్మర్ చేతిలో, కొత్త దారాన్ని పట్టిచ్చే ఊదారంగు దీపం. దాని కింద, పాత సైనిక జాకెట్ భుజం మీది దళం గుర్తు గుడ్డబిళ్ళ చుట్టూ కుట్లు తెల్లగా వెలుగుతున్నాయి.

జాకెట్ అమ్మడానికి వచ్చిన ముసలావిడ ఆర్డిస్ తొణకలేదు. "కుట్టింది నేనే. మొన్న, మా ఆయన్ని సాగనంపాక."

"అంటే నకిలీయేగా?"

"లోపలివైపు తిప్పి చూడు నాయనా."

తిప్పాడు. పాత కుట్ల బెజ్జాల్లో తెగిన పోగులున్నాయి. అవి మెరవలేదు.

"యుద్ధం నుంచి ఇంటికొచ్చిన రోజే ఆ బిళ్ళ పీకి పారేశాడు. ఏరి దాచాను. బతికుండగా కుట్టనివ్వలేదు."

డెల్మర్ దీపం ఆర్పేశాడు.

"బిళ్ళ విప్పేసి ఇవ్వండమ్మా. ఆయన వదిలినట్టే కావాలి నాకు."