మంట ఎటు వంగింది

బూట్లు విప్పకుండానే ఆ మనిషి వంటింట్లోకి వచ్చేశాడు.

తలుపు తీసిన అత్త తుర్సునాయ్ వారిస్తున్నా ఆగలేదు. నేల మీద మంచు నీళ్లతో నల్లటి అడుగులు పడ్డాయి.

బాక్తిగుల్ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. మూకుడులో బోర్సోక్ పిండి ముక్కలు పొంగి ఎర్రబడుతున్నాయి. పోయినవాళ్ల కోసం గురువారం గురువారం నూనె కాచి, ఆ వాసన పైకి పంపాలి. మొగుడు పోయిన ఈ ఏడాదిలో ఆమె ఒక్క వారం తప్పలేదు.

పొయ్యి మీద కొత్త కరెంటు చిమ్నీ హోరుమంటోంది. పొద్దున్నే మరిది మెదెర్ బిగించాడు.

అతను మొదట సందువైపు గోడకు కన్నం పెట్టబోయాడు. అత్త పడనివ్వలేదు. ఆ గోడ అవతల చెత్తకుండీలు, కుక్కలు. నా కొడుకు వాటా కుక్కలకు పోవాలా అంది. వంటింటి గ్యాస్ గీజరు పొగ గోడలోంచి తిన్నగా మేడ మీదికి పోయే దారి ఒకటుంది. చిమ్నీ గొట్టాన్ని అందులో కలపమంది. మెదెర్ కలిపేశాడు.

"ఎవరయ్యా నువ్వు?" అంది బాక్తిగుల్.

వచ్చినవాడికి యాభై దాటి ఉంటాయి. ఆయాసపడుతున్నాడు. చిమ్నీ గొట్టం వెంట చూపు నడిపి, గీజరు దగ్గర ఆపాడు.

ఇందాక చెత్తకుండీ పక్కన చిమ్నీ వచ్చిన ఖాళీ అట్టపెట్టె చూశాడట. మేడ చుట్టూ తిరిగితే ఏ గోడకూ కొత్త కన్నం కనపడలేదట. కింది నుంచి తలుపు తలుపూ కొట్టుకుంటూ వస్తున్నాడట.

మెదెర్ నవ్వాడు. "బూట్లతోనే వచ్చావు. గుర్రాన్ని మాత్రం కింద ఎందుకు వదిలేశావు?"

ఆ మనిషి నవ్వలేదు. అగ్గిపుల్ల గీసి, గీజరుకున్న చిన్న కంత దగ్గర పెట్టాడు.

"చూడమ్మా. మంట లోపలికి వంగాలి."

మంట బయటికి వంగింది, బాక్తిగుల్ మొహం వైపు.

మెదెర్ వంగి దాన్ని ఊదేశాడు. గారడీ అయిపోతే డబ్బులకు టోపీ పట్టమన్నాడు.

"గీజరు వెలుగుతోంది," అన్నాడు ఆ మనిషి. "నీళ్లు ఎవరు వాడుతున్నారు?"

ముక్కూ మొహం తెలియని మగవాడికి, స్నానాల గదిలో ఆడపిల్ల ఉందని ఎవరు చెబుతారు?

అతను ఇంకోసారి అడగలేదు. గ్యాస్ కట్టేశాడు. చిమ్నీ ఆపేశాడు. చలిగాలి రాకుండా బాక్తిగుల్ కిటికీ సందులకు అంటించుకున్న కాగితాలను పర్రున చించి, రెక్కలు రెండూ బార్లా తెరిచాడు.

చలి మీద పడింది. మూకుడు చల్లారింది. సగం వేగిన ముక్కలు నూనె పీల్చుకుని అడుగుకు దిగిపోయాయి.

"చచ్చినవాడి నోటి దగ్గర కూడు లాగేశావు కదరా," అంది తుర్సునాయ్.

మెదెర్ అతని చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. వీధి మొగలో పోలీసులుంటారు, గారడీ అక్కడ చేద్దువుగాని అన్నాడు. ఆ మనిషి పెనుగులాడలేదు. గడప దాటేటప్పుడు మాత్రం తల తిప్పి బాక్తిగుల్ వంక చూశాడు.

"నీళ్లు ఎవరు వాడుతున్నారో చూడమ్మా."

మెట్ల మీద వాళ్ల అడుగుల చప్పుడు దిగిపోయింది.

బాక్తిగుల్ గుడ్డ తెచ్చి బూటు మరకలు తుడవబోయింది. రెండో మరక దగ్గర చెయ్యి ఆగింది.

గ్యాస్ కట్టేశాడు. అంటే ఈపాటికి నీళ్లు చల్లబడి ఉంటాయి. కూతురు అయ్‌పెరి చన్నీళ్లు తగిలితే మేడంతా వినపడేలా అరిచే పిల్ల.

అరవలేదు. నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

స్నానాల గదికి ఉన్నది ఒక్కటే చిన్న కిటికీ. అది వంటింట్లోకే.

పిలిచింది. తలుపు కొట్టింది. గొళ్లెం ఊడేదాకా భుజంతో గుద్దింది. తొమ్మిదేళ్ల పిల్ల తొట్టి అంచు మీద తల వాల్చి ఉంది. అత్తాకోడళ్లు చెరోవైపు పట్టుకుని, తెరిచి ఉన్న కిటికీ కిందికి ఈడ్చుకొచ్చారు. దుప్పటి కప్పారు. బుగ్గలు తట్టారు. ఇద్దరిలో ఎవరికీ ఏడుపు కూడా రాలేదు.

చాలాసేపటికి పిల్ల వాంతి చేసుకుంది. కళ్లు తెరిచింది.

చిమ్నీ తోసే గాలి అదే దారిలో కలిసేసరికి గీజరు పొగ పైకి పోలేక ఇంట్లోకి తన్నిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. ఆ విషానికి వాసన ఉండదన్నాడు. కిటికీ ముందే ఎవరు తెరిచారని అడిగాడు.

ఆయన పేరైనా అడగలేదంది బాక్తిగుల్.

ఆ సాయంత్రమే మెదెర్ గొట్టం పీకి సందువైపు గోడకు కన్నం పెట్టాడు. కింద రాలిన సున్నం తుర్సునాయే ఊడ్చింది.

మూడోనాడు కోడలు వేడి రొట్టెలు గుడ్డలో కట్టుకుని పోలీస్ స్టేషన్‌కు బయల్దేరితే, అత్త కూడా శాలువా కప్పుకుని వెంట నడిచింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామన్నారు. ఆలస్యమైందన్నాడు ఇన్‌స్పెక్టరు. పొద్దున్నే బండి ఎక్కించి జైలుకు పంపేశారట.

"ఆయన దొంగ కాదయ్యా," అంది బాక్తిగుల్. "గ్యాస్ ఆఫీసు మనిషి. తన పని తను చేశాడు."

ఇన్‌స్పెక్టరు ఆమె వంక వింతగా చూశాడు. అతని పేరు కెంజెబెక్, ఏ ఆఫీసు మనిషీ కాదన్నాడు. ఇంకా రెండేళ్ల శిక్ష ఉండగా షరతు మీద బయటికి వచ్చాడట. ఎవరింట్లోనూ గ్యాస్ జోలికి పోకూడదన్నదే ఆ షరతు. మెదెర్ రాసిన ఫిర్యాదులో మొదటి ముక్కే, గ్యాస్ కట్టేశాడని. అడిగితే అవునని ఒప్పుకుని సంతకం పెట్టాడు.

రొట్టెల మూట తుర్సునాయ్ ఒళ్లోకి తీసుకుంది.

"ఏం చేసి జైలుకు పోయాడు?"

ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు.

"కూతురు కొత్త కాపురం పెడితే, ఆ వంటింట్లో చిమ్నీ బిగించి, గొట్టం తీసుకెళ్లి గీజరు దారిలో కలిపాడమ్మా."