వెంట్రుకవాసి

“ఆ కారొద్దురా శివాజీ. అందల కూకుంటే గోతిలో కూకున్నట్టుంటాది. నొప్పులొచ్చిన పిల్ల ఎలాగ దిగుతాది, ఎలాగ కూకుంటాది?” గేటుకి అడ్డంగా నిలబడింది లక్ష్మణమ్మ.

“అంబులెన్సు ఇంకో కేసుకెల్లిపోనాదంటమ్మా. అది తిరిగొచ్చీసరికి నీ కోడలు ఉంటాదో ఉండదో. తప్పుకో.”

బావమరిది ధనరాజు ఇందాకే ఫోను చేసి ఏడ్చాడు. పురిటికి పుట్టింటికి వెళ్లిన దుర్గకి నెల నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి, నెత్తురు ఆగడం లేదు. వాళ్లది పాతపట్నం పక్కన పల్లె. తమ ఊళ్లోని త్రినాథ్ బండి మాట్లాడి ఆమెని మూడు రోడ్ల జంక్షన్ దాకా ఎలాగో తీసుకొస్తానన్నాడు ధనరాజు. అక్కడ కారెక్కిస్తే శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చే పూచీ బావది.

“పోనీ నెమ్మదిగా తోలు నాయినా” అంది తల్లి, గేటు వదిలి.

“నెమ్మదిగా తోలడానికైతే ఈ కారేల” అన్నాడు శివాజీ. ఎర్రటి ఆ రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఒక్క హోరుతో వీధి దాటేసింది.

ఊరు దాటగానే మెయిన్ రోడ్డు వదిలేసి కరకట్ట ఎక్కించాడు. మెయిన్ రోడ్డు మీదైతే లారీల వెనక పాకుతూ కూచోవాలి. కరకట్ట మీద ఎవరూ ఉండరు. ఒక పక్క నిండుగా వంశధార, ఇంకో పక్క వరి పొలాలు, మధ్యన వంకర్లు తిరిగే సన్నటి తారు రోడ్డు. రెండు దార్లూ చివరికి ఆ జంక్షన్లోనే కలుస్తాయి. కాకపోతే ఈ రోడ్డు మీద వేగంగా తోలాలంటే చేతిలో పనితనం ఉండాలి. అది శివాజీకి ఉంది, ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

మలుపు ఇంకా రాకుండానే గేరు తగ్గించేవాడు. పాదం బ్రేకు మీద ఉండగానే మడమతో ఎక్సిలేటరు తట్టేవాడు. మలుపు సగంలో ఉండగానే మళ్లీ తొక్కేవాడు. కారు జానెడు కూడా పక్కకి జారేది కాదు. రోడ్డు మీది ప్రతి గతుకూ స్టీరింగులోంచి అరచేతుల్లోకి తెలుస్తోంది. భార్య ప్రాణం మీదికొచ్చిందని గుండె దడదడలాడుతూనే ఉంది. అబద్ధమెందుకు, ఆ దడలో కాస్త ఖుషీ కూడా కలిసింది. అది తెలిసి అతనికే సిగ్గేసింది. సిగ్గేసినా కాలు మాత్రం తేలిక పడలేదు.

ఫోను మోగింది. కారు స్పీకర్లో ధనరాజు గొంతు, దాని వెనక ఏదో బరబర చప్పుడు, గాలి.

“ఎంతవరకు వొచ్చినార్రా?” అని అరిచాడు శివాజీ.

“ఏటి... దారిలో ఉన్నాం బావా.”

‘ఏమిటి’ అంటున్నాడు, పాపం వాడికీ సరిగ్గా వినబడటం లేదు అనుకున్నాడు శివాజీ. “దుర్గకెలాగున్నాది?”

“నిన్నే అడుగుతన్నాది. బేగి వొచ్చీ.”

“వొచ్చెత్తన్నాను. జంక్షన్ కాడ ఆగండి” అనేలోపే సిగ్నల్ పోయింది.

వాన మొదలైంది. నదిని ఒరుసుకుని తిరిగే మలుపులో, రెండు పక్కలా టార్పాలిన్ దించుకున్న ఆటో ఒకటి నడిరోడ్డు మీదుగా ఎదురొచ్చింది. బ్రేకు తొక్కి ఆగిపోతే గొడవే లేదు. ఆగితే మళ్లీ వాడు వెనక్కి తియ్యాలి, తను పక్కకి తియ్యాలి, ఎంత ఆలస్యం. పైగా ఆటోకీ పొలం అంచుకీ మధ్య అతనికి సందు కనబడింది. ఇంకొకడైతే దాన్ని సందు అనుకునేవాడే కాదు. హారను నొక్కి పట్టి, రెండో గేరులోకి దించి, ఎడం పక్క చక్రాలని మట్టిలోకి దింపి కారుని దూర్చేశాడు. ఆటోవాడు బెదిరిపోయి నది వైపు తిప్పేశాడు.

కారు అద్దం కూడా తగల్లేదు. వెంట్రుకవాసిలో తప్పింది.

వెనక అద్దంలో ఆటో ఒక పక్కకి ఒరిగినట్టు కనబడింది. అంతలోనే మలుపు తిరిగిపోయి ఇంకేమీ కనబడలేదు. ఎవడో, వాడే సర్దుకుంటాడులే అనుకున్నాడు. అవతల తన పెళ్లాం చావుబతుకుల్లో ఉంటే వాడి సంగతి చూస్తూ కూచుంటాడా? చాలాసేపటి దాకా అరచేతులు జిలజిలలాడుతూనే ఉన్నాయి. తోలడమంటే ఇదీ, అని పైకే అన్నాడు.

జంక్షన్లో ఎవరూ లేరు. టీ దుకాణం కూడా మూసేసి ఉంది. ఎడమ పక్క తలుపు తెరిచి, సీటు వెనక్కి వాల్చి, తన చొక్కా విప్పి మడతపెట్టి దుర్గ నడుముకి ఎత్తుగా ఉంటుందని సీట్లో వేశాడు. పల్లె వైపు రోడ్డు చూస్తూ వానలో నిలబడ్డాడు. ఒక్క బండీ రాలేదు. ధనరాజుకి ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఇంకోసారి చేశాడు, అదే. ఖుషీ అంతా ఎప్పుడో దిగిపోయింది.

కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

“బావా.” ధనరాజే. ఒగరుస్తున్నాడు.

“ఎక్కడున్నార్రా? జంక్షన్ కాడ నానొక్కన్నే నిలబడున్నాను.”

“మెయిన్ రోడ్డు మీద లారీ తిరగబడి తోవ మూసీసినారు బావా. అందికే, నువ్వక్కడికి రానేవని జంక్షన్ కాడ ఆగకండా వొచ్చీసినాం. ఏటి దారిలో ఉన్నామని నీకు సెప్పినాను గదా. వంశధార గట్టు మీదున్నాం.”

శివాజీ తను వచ్చిన కరకట్ట వైపు తిరిగాడు.

“ఎవుడో తోలడం రాని ఎదవ మీదికొచ్చీసినాడు బావా, ఆటో ఏట్లో పడిపోనాది, అక్క కనబడ్నేదు. నీకైతే తోలడం వొచ్చు గదా, బేగి వొచ్చీ.”