లక్షల మంది చూసిన ఫొటో

“అమ్మా, ఆ పటం ఇంకాస్త పైకెత్తు. అద్దం మీద ఎండ పడి మొహం కనబడట్లేదు,” అన్నాడు కెమెరా పట్టుకున్నతను.

యాదమ్మ కొడుకు పటాన్ని గుండెల దాకా ఎత్తింది. టీవీ సంగీత ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. జనగామ చౌరస్తాలో సమ్మె టెంటు కింద కూర్చున్నవాళ్లంతా నినాదాలు మానేసి అటే చూస్తున్నారు. ప్రతి ఆదివారం టీవీలో డాన్సుల పోటీ నడిపే మనిషి కళ్లముందు నిలబడితే చూడరా మరి! మొన్నమొన్నటిదాకా అదే పోటీలో ఇక్కడి యాసను వెక్కిరించి జనాన్ని నవ్వించింది కూడా ఆవిడే. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక మాత్రం ‘నేను మీ ఆడబిడ్డను’ అంటూ ఫేస్‌బుక్‌లో టెంటుకో ఫొటో పెడుతోంది. టెంటువాళ్లు వేసిన బంతిపూల దండ ఇంకా ఆమె మెడలోనే ఉంది.

వచ్చీ రాగానే ఆమె అమరుల తల్లులెవరైనా ఉన్నారా అని అడిగింది. వాళ్లంతా వరంగల్ సభకు పోయారని చెప్తే ముఖం చిన్నబుచ్చుకుంది. అప్పుడే యాదమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

“బిడ్డా, వీడు నా కొడుకు శ్యాం. హైదరాబాద్ల సభకని పోయి మల్ల రాలే. పోలీసు కేసులకు బుగులువడి ఏడనో దాసుకున్నడంటున్నరు. నువ్వు ఫొటో పెడితే లక్షల మంది సూస్తరంట గద. ఒక్కలన్న గుర్తువట్టరా?”

“తప్పకుండ పెడతనమ్మా. నీ కొడుకంటే నాకు తమ్ముడసొంటోడు,” అంది సంగీత. ఆ చివరి మాట దగ్గర ఆమె నాలుక తడబడింది. యాదమ్మ అదేం పట్టించుకోలేదు.

ఎన్నిసార్లు తీసినా అద్దం మెరుస్తూనే ఉంది. నీడలో విడిగా తీస్తామని కెమెరా అతను పటం తీసుకుని కారు అవతలికి పోయాడు. సంగీత కూడా వెంట వెళ్లింది. టెంటులో ఎవరో యాదమ్మను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. చాయ్ తాగేలోపే పటం తిరిగొచ్చింది. అద్దం తళతళా తుడిచి ఉంది. చట్రం మూలన బంతిపూరేకు ఒకటి అంటుకుని ఉంటే కొంగుతో దులిపి, ఆ పిల్ల సల్లగుండాలని మనసులోనే అనుకుంటూ ఆటో ఎక్కింది.

ఆ తర్వాత సొంతూరు చిల్పూర్‌లో యాదమ్మను చూసే చూపే మారిపోయింది. ఎదురొచ్చినవాళ్లు ఆగి దండం పెడుతున్నారు. నల్లా దగ్గర బిందె కోసం రోజూ కయ్యానికి దిగే పక్కింటి రుక్కి, గిన్నె నిండా కూర తెచ్చిపెట్టింది.

“తినక్కా. ధైర్నం ఇడువకు.”

“ఫొటో సూసినవా?”

“మా ఆయన ఫోన్ల సూసిన. ఊరంత సూసింది.”

“మంచిగ కనవడ్డడా నా కొడుకు?”

రుక్కి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. దాని మనసు ఇంత మెత్తనిదని తెలియక ఇన్నాళ్లూ తిట్టానే అని యాదమ్మ నొచ్చుకుంది. ఊరంతా చూసిందంటే లోకమంతా చూసినట్టే. ఇక కబురు రావడమే తరువాయి.

కబురు భూపాలపల్లి వైపు నుంచి రానే వచ్చింది. అక్కడి బొగ్గుబావిలో పనిచేసే చిల్పూర్ రాజమల్లు, సమ్మె శిబిరంలో శ్యాంను చూశానని ఫోన్‌లో పెళ్లాంతో అన్నాడట. గడ్డం పెంచాడు గాని వాడేనని గట్టిగా చెప్పాడట. రాజమల్లు ఊళ్లోకి వచ్చాడని తెలియగానే యాదమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరికింది.

రాజమల్లు తలెత్తి చూడలేదు. “నేను సూసింది వేరే పిలగాణ్ణి వదినా. నాదే పొరపాటు.”

“వాడే అన్నవంట గద?”

“అప్పుడట్ల అనిపిచ్చింది. ఫొటో సూసినంక తెలిసింది.”

“ఒక్కపారి పొయ్యి అడుగరాదు? నీ కాళ్లు మొక్కుత.”

“ఇగ అడిగేదేమున్నది వదినా,” అంటూ లోపలికి పోయాడు.

యాదమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది కూరలు తెస్తారు, దండాలు పెడతారు, వెతకడానికి మాత్రం ఒక్కడూ కాలు కదపడు. వీళ్లను నమ్ముకుంటే లాభం లేదని పటం చంకన పెట్టుకుని జనగామ బయల్దేరింది.

శ్యాం దోస్తు సాజిద్‌కు అక్కడ నెట్ సెంటర్ ఉంది. ఆమెను చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

“ఏంది సాజిదూ, ఆ ఫొటో నాకు సూపెట్టవా?”

“కరెంటు లేదవ్వా.”

తల మీద పంకా తిరుగుతోంది. యాదమ్మ పంకాను చూసి, అతన్ని చూసింది.

“శానమంది సూసిండ్రా?”

“శానమంది.”

“ఏమని రాసిండ్రు?”

“గొప్పోడని రాసిండ్రవ్వా. అందరు గట్లనే రాసిండ్రు.”

“గొప్పోడైతే నాకేంది? ఏడ సూసిండ్రో రాయాలె గని! నేనే పోత భూపాలపల్లికి. టీవీల పిల్లతోని ఉన్న ఫొటో సూపెడితే ఎవలన్న నమ్ముతరు. తీసియ్యి నాకు.”

“వద్దవ్వా, నా మాటిను.”

“నా కొడుకును నేను సూసుకోవద్దా?”

సాజిద్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మీట నొక్కి అటు తిరిగాడు. ప్రింటరు గరగరమంటూ కాగితాన్ని మెల్లగా బయటికి తోసింది. ముందు సంగీత జుట్టు, తర్వాత నీళ్లు నిండిన ఆమె కళ్లు, ఆ కింద ఆమె చేతుల్లో పటం. చీకట్లో దీపం దొరికినట్టు యాదమ్మ కాగితం మీదికి వంగింది.

శ్యాం ఫొటోకు బంతిపూల దండ వేసి ఉంది.