విప్పిన గోనె

పున్నారావూ, మీ నూర్పిడి మిషన్ల కంపెనీని ముంచిందెవరని వైరా అంతా అడుగుతున్నావట. నేనే, తండా సోమ్లిని.

మీ నాయన ఏటా మా కళ్ళానికి వచ్చి, మేం మిషన్‌కు ఎక్కడ గోనె కట్టుకున్నామో వెతికేవాడు.

"ఇదెందుకు కట్టిన్రమ్మా?"

"బెల్టు కొంగు గుంజుతుంది అయ్యా."

మరుసటి ఏడు అక్కడ రేకు మూత వచ్చేది. అందుకే జనం మీ మిషన్లే కొన్నారు.

ఆయన తర్వాత కంపెనీ నీ చేతికొచ్చింది. నీ కొత్త మిషన్ నోరు చేతులు గుంజేది. దానికి గోనె అడ్డం కట్టుకుంటే నువ్వు నవ్వావు. "తండా ఆడోళ్లు నాకు ఇంజనీరింగ్ నేర్పుతరా?"

ఆనాటి నుంచి నువ్వు వస్తున్నావంటే చాలు, గోనెలు విప్పించి, నువ్వు పోయాక మళ్ళీ కట్టించేదాన్ని. "మంచిగుంది సారూ" అనిపించేదాన్ని. ఊరూరా ఆడవాళ్ళకు అదే చెప్పాను. నువ్వు మురిసి, ఆ చేతులు గుంజే నోరే పెట్టి వందల మిషన్లు చేశావు. ఎవరి చెయ్యైనా తెగిన ప్రతి ఊరూ నీ మిషన్ మానేసింది. నాకు సంబరంగానే ఉండేది.

పోయిన కోతల్లో మధిర దవాఖానాలో, నన్ను యాడీ అని పిలిచే నా బిడ్డ మొండి భుజం చూసి, "గోనె కట్టుకోలేదేందే?" అని అరిచాను.

"సారు వచ్చిండని విప్పిన యాడీ, నువ్వు చెప్పినట్టే. పోయినంక కడదామంటే, కళ్ళం మీదోళ్లు జల్దీ కానియ్యమన్నరు."