దుప్పటావిడ

ఆ సాయంత్రం మెట్లెక్కి మూడో అంతస్తు వరండాలో అడుగుపెట్టగానే ల్యాబాయనకి చిర్రెత్తుకొచ్చింది.

తన హాలు కిటికీకి అడ్డంగా, దండెం మీద, మళ్ళీ అదే వెలిసిపోయిన నీలం దుప్పటి.

ఆయన నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. నీళ్ళ గురించి తనకి తెలియనిది ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. అందుకే హాల్లో, కిటికీ పక్కనే, ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టాడు. అందులో ఒక ఊదారంగు పగడం. చూడ్డానికి రాయిలా ఉంటుంది గాని ప్రాణమున్నది. ఏడేళ్ళ కిందట గోరంత ముక్కగా తెచ్చి, బిడ్డలా సాకి, అరచేయంత చేశాడు.

వరండాలో వచ్చేపోయేవాళ్ళు దాన్ని చూసి నోరెళ్ళబెట్టాలని కిటికీకి కర్టెన్ కూడా తీసేయించాడు.

అలాంటి కిటికీకి దుప్పటి!

చివరి ఫ్లాటు పెద్దావిడ అప్పుడే దాన్ని దండెం మీంచి తీస్తోంది. ఒంటరి మనిషి. ల్యాబాయనా భార్యా ఈ ఇంటికి వచ్చి ఏడాదైనా ఆవిడ పేరేమిటో వాళ్ళకి తెలియదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ 'దుప్పటావిడ' అనే చెప్పుకుంటారు.

"చూడండమ్మా, రోజూ ఇక్కడే ఆరేయాలా?"

"అది కాదు బాబూ, నాలుగయ్యేసరికి ఎండ..."

"ఎండ కావాలంటే మేడ మీద బోలెడుంది. నా కిటికీ వదిలెయ్యండి."

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే జేబులో తాళంచెవి వెతుక్కుంటున్నాడు. ఆవిడ కిటికీలోంచి అక్వేరియం వైపు ఒకసారి చూసి, "సరే బాబూ," అని దుప్పటి మడిచి చంకన పెట్టుకుంది.

మర్నాటి నుంచి దుప్పటి లేదు.

"చూశావా? నెమ్మదిగా ఒక్క మాట చెప్పాను, అంతే," అన్నాడు భార్యతో.

"నెమ్మదిగానా? కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా వినపడిందట!"

రెండు వారాలు తిరక్కుండా అక్వేరియం రాళ్ళ మీద పచ్చటి నాచు మొలిచింది. ఇంకో వారానికి జుట్టులా పెరిగి పగడం అంచుని పట్టుకుంది.

"నీళ్ళలో ఏదో తేడా వచ్చింది," అని తేల్చేశాడు ల్యాబాయన.

పరీక్ష చేశాడు. తేడా లేదు. సీసాలో పోసి ఆఫీసుకి పట్టుకెళ్ళి, పెద్ద మిషన్ మీద మళ్ళీ చేశాడు. ఆ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని మిషన్ కూడా చెప్పింది.

అయినా నీళ్ళు మార్చాడు. లైట్ల వేళలు తగ్గించాడు. నాచు తినే నత్తల్ని తెచ్చి వదిలాడు. చేపలకి ఒంటిపూట మేత చేశాడు. ఇంట్లో ఉన్న పాత బ్రష్షులన్నీ రాళ్ళు తోమడానికే సరిపోయాయి.

"నా బ్రష్షు మాత్రం ముట్టుకోకండి, అది ఇంకా కొత్తది," అంది భార్య.

"ఒక్క వారం ఆగు. దీని అంతు చూడకపోతే నా పేరు మార్చుకుంటా."

"ఏం పేరు పెట్టుకుంటారో ఇప్పుడే అనుకోండి మరి."

వారం గడిచింది. పగడం సగం తెల్లగా పాలిపోయింది. ఆ సగం ఇక చచ్చినట్టే. ఆ రోజు అన్నం దగ్గర భార్య కూడా ఆయన్ని ఆటపట్టించలేదు.

ఆ మర్నాడు ఆయనకి జ్వరం తగిలి ఇంట్లోనే ఉండిపోయాడు.

మామూలుగా మధ్యాహ్నాలు ఆ హాల్లో ఎవరూ ఉండరు. సెలవు రోజైతే ఇద్దరూ లోపలి గదిలో కునుకు తీస్తారు. ఆ రోజు సోఫాలో పడుకున్న ఆయనకి సరిగ్గా నాలుగింటికి మెలకువ వచ్చింది.

వరండా రెయిలింగు మీదుగా ఏటవాలుగా వచ్చిన ఎండ, కిటికీలోంచి తిన్నగా వెళ్ళి పగడం మీద పడుతోంది.

ఎండ ఎంతమేర పడిందో నాచు అంతమేరే దట్టంగా ఉంది.

ఆయన జ్వరం సంగతి మరిచిపోయి లేచి కూర్చున్నాడు. భార్య ఇంట్లో అడుగుపెట్టేసరికి కిటికీకి పాత పంచె కట్టేసి ఉంది.

"నీళ్ళు కాదు, ఎండ! ఇన్నాళ్ళూ దుప్పటావిడ బట్టలారేసుకోబట్టి బతికిపోయాం. ఏం అదృష్టం చూడు!"

"మరి ఆవిణ్ణి కసిరి పంపారుగా?"

"దానికేముంది, నేనే వెళ్ళి చెబుతా. రోజూ ఇక్కడే ఆరేసుకోమంటా. మిగిలిన సగం బతికించుకుంటే ఏడాదిలో మళ్ళీ అరచేయంత చేస్తా."

చివరి ఫ్లాటు తలుపు బార్లా తీసి ఉంది. లోపల సామానేమీ లేదు. వాచ్‌మన్ నేల ఊడుస్తున్నాడు.

"ఆవిడ లేరు సార్. పోయిన వారమే ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు."

"అరే! దుప్పటి మళ్ళీ మా కిటికీ దగ్గరే ఆరేసుకోమని చెబుదామని వచ్చానే."

వాచ్‌మన్ చీపురు ఆపాడు.

"ఆరేసుకోవడమేంటి సార్? ఆవిడ బట్టలన్నీ వెనక బాల్కనీలోనే ఆరేవి. అది పొడి దుప్పటి. రోజూ మూడున్నరకి, ఆ మోకాళ్ళ నొప్పులతోనే స్టూలెక్కి కట్టేవారు. ఎండ దిగాక తీసేసేవారు."

ల్యాబాయన తన కిటికీకి కట్టిన పంచె వైపు తిరిగాడు.

"ఎందుకమ్మా ఈ బాధ అని నేనడిగితే, లోపల అంత అందమైనది ఉంది, ఎండ తగిలిన చోటల్లా ఆ తొట్టి అద్దం పచ్చబడుతోంది, ఆ అబ్బాయి ఆ వేళకి ఇంట్లో ఉండడు అనేవారు."

"ఆవిడకి... ఇవన్నీ ఎలా తెలుసు?"

"నాకేం తెలుసు సార్. ముప్పై ఏళ్ళు మ్యూజియంలో చేశారట. పాత పెయింటింగుల మీద ఎండ పడకుండా, వేళకి వెళ్ళి తెరలు దించడమే ఆవిడ ఉద్యోగమట."