కొత్త స్టేడియం, పాత స్తంభాలు

మొదటి మ్యాచ్ రోజు పొద్దున్నే స్టేడియం గేటు దాటి లోపలికొచ్చిన క్లబ్బు కార్యదర్శి ఉన్నచోటే ఆగిపోయింది. మైదానానికి రెండు చివర్లా ఠీవిగా నిలబడి ఉండాల్సిన గోల్ స్తంభాలు నాలుగూ మొదలు దగ్గర తెగి నేలకొరిగి ఉన్నాయి. పచ్చిక నడిమధ్యన ఎవరో డబ్బాడు ఊదా రంగు ఒలకబోశారు.

ఊదా అంటే పక్క ఊరి రగ్బీ క్లబ్బు చొక్కాల రంగు. సాయంత్రం ఆట వాళ్ళతోనే.

"ఊదావాళ్ళ పనే!" కోచ్ పళ్ళు కొరికాడు.

"వాళ్ళకేం ఖర్మ?" అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు. "కూర్చుంటే నోట్లోకొచ్చి పడే పండు కోసం ఎవడైనా చెట్టెక్కుతాడా? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ముందు మీ మామగారు ఎక్కడున్నారో చూడమ్మా."

కార్యదర్శి ఆ దృశ్యాన్ని ఫోనులో ఫొటో తీసుకుంది. ఈ స్టేడియం ఆమె పట్టుబట్టి కట్టించింది. మంచి కుర్చీలు, నెత్తిన కప్పు ఉంటే జనం వాళ్ళే వస్తారంది. టికెట్లు అడిగిన నాథుడు లేడు. ఇవాళ సగం కుర్చీలైనా నిండకపోతే క్లబ్బుని తీసుకెళ్ళి ఊదావాళ్ళలో కలిపేస్తామని కమిటీ వారం క్రితమే తేల్చేసింది. "ఆ గాజు కొట్టులాంటి స్టేడియం గడప తొక్కకండి" అని ఊరంతా తిరిగి చెబుతున్నది మాత్రం ఒకప్పటి కెప్టెన్, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఆమె సొంత మామగారే.

ఇంటికెళ్ళేసరికి ఆయన వరండాలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్నాడు. ఆమె ఫోనులో ఫొటో ఆయన ముక్కు ముందు పెట్టింది.

"ఎందుకు చేశారు మావయ్యా ఈ పని?"

"ఏకంగా శిక్షేనా? విచారణ ఉండదా?"

"నా మీద కోపముంటే నన్ను తిట్టండి. రోజూ తిడుతూనే ఉన్నారుగా! స్తంభాలేం పాపం చేశాయి?"

"నేను కొయ్యదలుచుకుంటే స్తంభాలెందుకు కోస్తానమ్మాయ్? నీ కుర్చీలు కోస్తాను. రగ్బీ చూడ్డానికి మెత్తటి కుర్చీలట! పాత గ్రౌండులో బురదగట్టు మీద భుజాలు రాసుకుంటూ నిలబడి, గొంతు పోయేదాకా అరిచేవాళ్ళం. నీ స్టేడియంలో తుమ్మాలన్నా పర్మిషన్ అడగాలనిపిస్తుంది."

"మాట మార్చకండి."

ఆయన ఫోను లాక్కుని కళ్ళజోడు సర్దుకున్నాడు. పచ్చిక మీది రంగు చూడగానే ముఖం కందగడ్డయింది.

"ఊదా! మన స్తంభాల మీద ఊదావాళ్ళ రంపమా? ఆ స్టేడియాన్ని నేను తిట్టుకుంటాను, అవసరమైతే తగలబెట్టుకుంటాను. అది మన ఇంటి గొడవ. మధ్యలో వాళ్ళెవరు?"

అదే ఊపులో పాత జట్టువాళ్ళందరికీ ఆ ఫొటో పంపి, ఫోన్లు కలిపాడు. ఆమె తలదించుకుంది. ముసలాయన్ని అనవసరంగా అనుమానించానే అనుకుంది.

మధ్యాహ్నానికల్లా ఆ ఫొటో చూడని కన్ను లేదు. తలలు నెరిసిన ఆటగాళ్ళు పాత గ్రౌండుకెళ్ళి, అక్కడి షెడ్డులో పడున్న కర్ర స్తంభాలు భుజాల మీద మోసుకొచ్చారు. ముందు మామగారు, వెనక వాళ్ళు, వాళ్ళ వెనక వీధులకి వీధులు. తెగిన మొదళ్ళు పీకేసిన కొత్త గుంతల్లో కర్ర స్తంభాలు దిగాయి. అడ్డకర్రలు బిగిశాయి. ఆట మొదలయ్యేసరికి స్టేడియంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఇన్ని కుర్చీలున్నా కూర్చున్నవాడు ఒక్కడు లేడు.

ఊదావాళ్ళ బస్సు గేటు దాటుతుండగానే అద్దం భళ్ళుమంది. వాళ్ళ కోచ్ నుదుటి మీద రుమాలు అదుముకుంటూ దిగాడు.

"నా పిల్లల మీద ఒట్టు! మాకేం తెలీదు!" అని ఆయన అరిచిన అరుపు ఆ హోరులో ఎవరికీ వినపడలేదు.

మనవాళ్ళు ఓడిపోయారు. అయినా ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు. అధ్యక్షుడు జనాన్ని తోసుకుంటూ కార్యదర్శి దగ్గరికొచ్చాడు. "కలపడమూ లేదు, గిలపడమూ లేదు! నువ్వే గెలిచావమ్మా. కొత్త స్టేడియం కడితే జనం వస్తారన్నావు, వచ్చారు!"

ఊదావాళ్ళు పోలీసుల నడుమ తలలు వంచుకుని బస్సెక్కారు. మామగారు గోల్ స్తంభానికి ఆనుకుని అటే చూస్తున్నాడు. ఆమె దగ్గరికెళ్ళింది.

"క్షమించండి మావయ్యా. పొద్దున తొందరపడి నోరు జారాను."

వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయి ఆగిపోయింది. స్తంభమంతా ఎండకీ వానకీ నల్లబడిన పాత కర్రే. కానీ గుంతలోకి దిగే చోట మాత్రం చుట్టూ పచ్చిగా, నున్నగా చిత్రిక పట్టి ఉంది. కొత్త గుంతకి కొలిచి దించినట్టుంది. వేలితో రాసి చూసింది. తాజా చెక్క వాసన.

"ఇంత పని ఒక్క పూటలో అవదు. ఎప్పుడు చెక్కారు వీటిని?" అని నిలదీసింది.

ఆయన చుట్టూ ఒకసారి చూసి, ఆమె వైపు వంగాడు.

"వారమంతా కూర్చుని చెక్కాను. ఫిట్టరన్నవాడు ఒకటి పీకేముందు ఇంకోటి సిద్ధం చేసుకుంటాడమ్మాయ్."

"వాళ్ళ కోచ్ తల పగిలింది మావయ్యా!"

"పగిలింది. ఆ పాపం నాదే. కానీ కుర్చీలు చూసి ఎవడూ రాడు, పగ చూసి వస్తాడు. ఆ స్తంభాలు కోసింది నేనే, రంగు పోసింది నేనే, గేటు తీసిన కాపలావాడు నా జట్టువాడే. అదలా ఉంచు. వచ్చే వారం మనం ఆడేది ఎవరితో? వాళ్ళ చొక్కా రంగేమిటో చెప్పు, డబ్బా కొనుక్కోవాలి."