వెనక గేటు

“వాచీ తీసివ్వు,” అంది సుందరమ్మ.

గచ్చిబౌలిలో ఓ ఆస్పత్రి. మూడో అంతస్తులో ఆడవాళ్ల బాత్రూం. రసజ్ఞ పట్టీ విప్పింది. పెళ్లిరోజుకి భర్త ఉదయ్ భాస్కర్ ఇచ్చిన వాచీ అది. ఆమె ఎక్కడుందో, ఎంత నడిచిందో, ఎప్పుడు నిద్రపోయిందో అన్నీ అతని ఫోన్‌కి చేరిపోతాయి.

కోకాపేటలో ఇరవై రెండో అంతస్తు వాళ్ల ఫ్లాటు. గుమ్మానికి కెమెరా. ఇంట్లోంచే పని చెయ్యమన్నాడు మొదట. తర్వాత ఆ ఉద్యోగమూ మాన్పించాడు. అన్నయ్య ఫోన్ చేసినా స్పీకర్లో పెట్టే మాట్లాడాలి. స్నేహితులు ఒక్కొక్కరే రావడం మానేశారు.

ఒక్క సుందరమ్మనే అతను పట్టించుకోలేదు. అరవై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులు. గురువారం గురువారం ప్రగతి నగర్ నుంచి వచ్చి, రసజ్ఞను తోడు తీసుకుని ఫిజియోథెరపీకి వెళ్తుంది. ఆవిడ వల్ల ఏమవుతుంది?

అసలీ సంబంధానికి ముందు నిలబడింది ఆమే. “అబ్బాయి బంగారం” అని రసజ్ఞ అమ్మానాన్నలకు నచ్చజెప్పిందీ ఆమే. ఓరోజు రసజ్ఞ భుజం మీద కమిలిన మచ్చ కంటబడింది. అప్పట్నుంచి సుందరమ్మకు అన్నం సహించడం లేదు.

వచ్చినప్పుడల్లా రసజ్ఞ సర్టిఫికెట్లు ఒకటో రెండో ఎక్స్‌రే కవర్లో పెట్టుకుని పట్టుకెళ్లింది. పాస్‌పోర్టు కూడా అలాగే గుమ్మం దాటింది.

“వెనక గేటు దగ్గర మమత కారులో ఉంది. లాయరమ్మ కూడా వచ్చింది. మెట్ల మీంచి దిగు. వెనక్కి చూడకు.”

మమత రసజ్ఞ పాత ఆఫీసు స్నేహితురాలు.

“మీరూ రండి అత్తయ్యా. ఆయన మిమ్మల్ని ఊరికే వదలరు.”

“నా సంగతి నేను చూసుకుంటాను. ఫోనిచ్చి వెళ్లు తల్లీ.”

రసజ్ఞ ఆమెను గట్టిగా వాటేసుకుంది. మెట్ల తలుపు మూసుకుంది.

సుందరమ్మ వాచీ తన చేతికి కట్టుకుని వరండాలో కూర్చుంది. కాసేపటికి ముందు గేటు నుంచి డ్రైవర్ లింగమూర్తి పైకి వచ్చాడు.

“సార్ ఫోన్ మీద ఫోన్ చేస్తుండు పెద్దమ్మా. మేడం ఒక్క దగ్గర్నే ఎందుకు కూసుందని అడుగుతుండు. మేడం ఏది?”

“మందుల క్యూలో ఉంది.”

లింగమూర్తి ఆమె మణికట్టు వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

“గట్లనే చెప్త,” అని దిగిపోయాడు.

సుందరమ్మ లేచింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం మొదలుపెట్టింది. మోకాళ్లలో సూదులు గుచ్చినట్టుంది. గోడ పట్టుకుని నడిచింది. నర్సు వచ్చి కూర్చోమన్నా ఆగలేదు. చేతిలో రసజ్ఞ ఫోన్ మోగుతూనే ఉంది. ఆగడం, మళ్లీ మోగడం. ఇప్పుడే ఎత్తితే పిల్ల ఇంకా దారిలోనే ఉంటుంది.

చివరకి తన ఫోన్ టింగుమంది. మమత మెసేజ్.

‘చేరాం ఆంటీ. మహిళా పోలీసులు పక్కనే ఉన్నారు.’

సుందరమ్మ కుర్చీలో కూలబడింది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ మోగుతున్న రసజ్ఞ ఫోన్ ఎత్తింది. వీడియో కాల్. కెమెరాకి వేలు అడ్డం పెట్టింది.

“ఎక్కడ చచ్చావే? ముఖం చూపించు!”

సుందరమ్మ వేలు తీసింది.

“రసజ్ఞ ఇక రాదు. నేనే పంపించాను,” అంది.

తెర మీద ఉదయ్ భాస్కర్ ముఖం పాలిపోయింది.

“కన్నకొడుకు కాపురం నువ్వే కూలుస్తావా అమ్మా?”